మిగిలిన ఒక్క బూటు

ఆ మ్యాచ్ రోజుకి మా ఆయన నాతో మాట్లాడక పదకొండు రోజులైంది. మమ్మల్ని డబ్బు ముంచేసిందని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. వాడన్నది అబద్ధం కాదు. కానీ ఆ పదకొండు రోజుల సంగతి నాకూ మా ఆయనకీ తెలిసినంతగా వాడికి తెలియదు.

నేను మా ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలు చూసే మనిషిని. జెర్సీలు ఉతకడం, చిరుగులు కుట్టడం, వీపు మీద నంబర్లు ఇస్త్రీపెట్టెతో అంటించడం, బూట్లు తుడవడం అన్నీ నావే. మా ఆయన మైదానం చూస్తాడు. గడ్డి కోసేది, నీళ్ళు పెట్టేది, తెల్ల గీతలు గీసేది ఆయనే. గ్యాలరీ మెట్ల కింద రెండు గదులున్నాయి, అదే మా కాపురం. పందొమ్మిదేళ్ళుగా నెత్తిమీద జనం గంతులేస్తుంటే కింద మేం వండుకుని తిన్నాం. మా తమ్ముడు జట్టుకి కెప్టెన్. ముప్పై నాలుగేళ్ళొచ్చి మోకాళ్ళు కిర్రుమంటున్నా, ఎడమవైపు డిఫెన్సులో వాడి చోటు ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు.

మా ఇద్దరి పనీ కలిసేది ఒక్కచోట, బూట్ల అడుగున. ఫుట్‌బాల్ బూటు కింద ఆరు మొనలు బిగిస్తారు, వాటిని స్టడ్లంటారు. నేల పొడిగా ఉంటే పొట్టివి, తడిగా ఉంటే పొడుగువి. తేడా చేస్తే కాలు జారుతుంది, అంతే. అందుకని ప్రతి మ్యాచ్‌కీ రెండు గంటల ముందు నేను చెప్పులు విప్పి మైదానంలోకి వెళ్తాను. ఎనిమిది చోట్ల మడమతో నొక్కి చూస్తాను. తర్వాత వచ్చి స్టడ్లు బిగిస్తాను. ఈలోగా మా ఆయన బట్టల గది గుమ్మంలోకొచ్చి ఒకే ఒక్క మాట చెప్పిపోతాడు. "పొడి" అనో, "తడి" అనో. నా మడమ చెప్పిందీ ఆయన చెప్పిందీ ఏనాడూ వేరు కాలేదు.

మా క్లబ్బు పెట్టింది సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళు. పెద్ద యజమాని ఉన్నన్నాళ్ళూ మ్యాచ్ ఓడిపోయినా వచ్చి మా గదిలో టీ తాగి వెళ్ళేవాడు. ఆయన పోయాక కొడుకు చేతికొచ్చింది. ఈయనకి ఫుట్‌బాల్ అంటే పంటి కింద రాయి. పోయినేడు ఫ్యాక్టరీ మూసేశాడు. ఈ ఏడు చివరి మ్యాచ్‌కి రెండు వారాల ముందు మమ్మల్నందర్నీ క్యాంటీన్లో కూర్చోబెట్టి, నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు.

"పై డివిజన్లో నిలబడితే ఇంకో ఏడు నడిపిస్తాను. కిందికి పడిపోతే మాత్రం నావల్ల కాదు. మైదానాన్ని గోడౌన్లవాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేస్తాను. దాచడం ఎందుకని చెప్తున్నా."

మాకు కావాల్సింది ఒకే ఒక్క పాయింటు. చివరి మ్యాచ్ డ్రా అయితే చాలు, ఒక్క గోల్ కూడా కొట్టక్కర్లేదు. కానీ ఆ మ్యాచ్ వెండిరంగు జెర్సీల వాళ్ళతో పడింది.

వాళ్ళ సంగతి చెప్తే కడుపు మండుతుంది. నాలుగేళ్ళ క్రితం వాళ్ళూ మాలాంటి వాళ్ళే. ఓసారి ఇక్కడికి ఆడడానికొచ్చి, సబ్బుపొడి అయిపోయిందని నా దగ్గర డబ్బాడు అడిగి తీసుకున్నారు. ఆ మరుసటేడే ఓ ఓడల వ్యాపారి వాళ్ళ క్లబ్బు కొన్నాడు. ఇక చూడండి, కోచ్ మారాడు, గ్యాలరీ మారింది, చివరికి గడ్డి కూడా మారింది. ఎవడు బాగా ఆడితే వాణ్ణి కొనడమే. ఆడించడానికి చోటు లేకపోతే, కొన్నవాణ్ణి మాలాంటి క్లబ్బులకి ఏడాదికి అరువిచ్చేవాళ్ళు. మా జట్టులో పదిహేడు గోల్స్ కొట్టిన కుర్రాడు అలా వచ్చినవాడే. మేం ముద్దుగా "అరువు" అని పిలిచేవాళ్ళం. వాళ్ళకి మిగిలిపోయినవాడు మాకు దేవుడు. అయితే కాగితం మీద ఒక షరతుంది. సొంతవాళ్ళ మీద అరువు ఆడకూడదు. కాబట్టి మా ప్రాణాలు తేలే మ్యాచ్‌లో మా గోల్స్ కొట్టేవాడు మామూలు చొక్కా వేసుకుని బెంచీ వెనక కూర్చోవాలి.

వాళ్ళు ఆటగాళ్ళతో ఆగలేదు. అంతకు ముందు మేం వాళ్ళ ఊరెళ్ళి ఆడినప్పుడు, నేను చిరిగిన జెర్సీని నిలబడ్డ చోటే రెండు నిమిషాల్లో కుట్టడం వాళ్ళ బట్టల మేనేజరు చూశాడు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఉద్యోగం, ఇప్పటికి మూడింతల జీతం, పది మెషిన్లు, కింద నలుగురు మనుషులు. నేను వస్తాననలేదు, రాననీ అనలేదు. ఏ మనిషికైనా ఓ నాలుగు రోజులు అలాంటి కాగితాన్ని దగ్గర పెట్టుకుని చూసుకోవాలనిపిస్తుంది. సబ్బుల సొరుగులో పెట్టాను. మా ఆయనకి దొరికింది.

"ఎప్పుడు వెళ్తున్నావు?" అన్నాడు.

"వెళ్తానని ఎవరన్నారు?"

"వెళ్ళనిదానివి దాచడం దేనికి?"

అంతే. ఆ పూట నుంచి మాట బంద్. కంచం పెడితే తినడం, తీస్తే లేవడం. నాకూ అరికాలి మంట నెత్తికెక్కింది. పందొమ్మిదేళ్ళు ఈ మనిషి పక్కన బతికితే నన్ను ఓ ఉత్తరానికి అమ్ముడుపోయే మనిషి అనుకున్నాడు కదా అని నేనూ బిగుసుకుని కూర్చున్నాను.

మ్యాచ్ రోజు పొద్దున్నే ఎండ కాసింది. ఎనిమిదింటికి తువ్వాళ్ళు ఆరేయడానికి వెళ్తూ మైదానంలో మడమ పెట్టి చూశాను. గట్టిగా, పొడిగా ఉంది. అది నా అసలు పరీక్ష కాదు. అసలుది ఒంటిగంటకి. ఆట మూడింటికి.

సరిగ్గా ఒంటిగంటకి వెండి జట్టు లారీ వచ్చి ఆగింది. ముప్పై పెట్టెలు దించారు. బట్టల మేనేజరు నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఇవాళే తేల్చి చెప్పేయాలనుకున్నాను. ఓడినా గెలిచినా ఆ ఉత్తరం ఇంట్లో ఉండకూడదు. వెళ్ళి ఆయన చేతిలో పెట్టేశాను.

"నాకొద్దు సార్. మీరు మంచివాళ్ళే. కానీ నేను రాలేను."

"తొందరపడకండమ్మా. రేపు మీ క్లబ్బు ఉంటుందో లేదో కూడా తెలీదు."

"ఉంటుంది," అన్నాను. ఏం చూసుకుని అన్నానో మరి.

ఆయన వదల్లేదు. మెషిన్ల ఫొటోలు చూపించాడు, ఉండడానికి ఇల్లిస్తామన్నాడు. మర్యాదస్తుడు, మధ్యలో తుంచేసి రాలేకపోయాను. వచ్చి చూసేసరికి ఒకటిన్నర దాటింది. గోల్‌కీపరు బూట్లు అతనే చూసుకుంటాడు కాబట్టి మిగిలిన పదిమందికీ తలా పన్నెండు చొప్పున నూట ఇరవై స్టడ్లు బిగించాలి. మైదానంలోకి వెళ్ళే టైము లేదు. పొద్దున పొడిగానే ఉంది కదా, వాన చినుకు లేదు, ఎండ ఫెళ్ళుమంటోంది. ఏదైనా తేడా ఉంటే మా ఆయన గుమ్మంలోకి రాకుండా ఉంటాడా? ఎంత కోపమున్నా ఆ ఒక్క మాట ఆపడు అనుకున్నాను. పొట్టి స్టడ్లు బిగించేశాను.

పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్య నేను డ్రయర్ మోతలో ఉన్నప్పుడు మా ఆయన ఏం చేశాడో నాకు తర్వాత తెలిసింది.

వెండి జట్టులో కుడివైపు పరిగెత్తే ఆటగాడొకడున్నాడు. పేపర్లవాళ్ళు వాణ్ణి "రైలు" అంటారు. మా ఫ్యాక్టరీని, మైదానాన్ని, మమ్మల్నందర్నీ కలిపి అమ్మినా వాడి ధర రాదట. ఆ రైలుని ఆపాల్సినవాడు మా తమ్ముడు. మా ఆయన ఆలోచించింది ఇదే. మైదానమంతా తడిపితే రిఫరీ పట్టుకుంటాడు. ఒక్క మూల, గ్యాలరీ నీడ పడే చోట పైపు పెట్టి బాగా నానబెట్టాడు. ఏదో ఒక సగంలో రైలు అటు రావాల్సిందే, బురదలో పడితే ఎంత రైలైనా నడవాల్సిందే. పైకి ఏమీ కనపడకుండా గడ్డి దువ్వి, చుట్టూ తాడు కట్టాడు. ఆటకి ముందు ఒళ్ళు వేడి చేసుకోడానికి వచ్చిన ఆటగాళ్ళకి "కొత్త విత్తనాలు వేశాను, తొక్కొద్దు" అని చెప్పాడు. ఆట మొదలయ్యే ముందు తాడు తీసేశాడు.

ఆట మొదలైంది. మొదటి సగంలో ఆ మూల వెండివాళ్ళు కాపలా కాసే వైపుంది. మావాళ్ళు అంతదూరం బంతి తీసుకెళ్తే కదా! మొత్తం మా గోల్ ముందరే గడిచింది. బంతి తగలని చోటు మా తమ్ముడి ఒంటిమీద లేదు. అయినా గోల్ పడలేదు. ఒకటి రెండుసార్లు బంతి ఆ మూలకి వెళ్తే వాళ్ళ డిఫెండరు కాలు జారి వెల్లకిలా పడ్డాడు. గ్యాలరీ గొల్లుమంది. నేనూ తలుపు దగ్గర నిలబడి నవ్వాను. లక్షలు పోసి కొన్న కాళ్ళు నిలబడవేం అని పక్కవాళ్ళతో అన్నాను కూడా. విరామానికి కొంచెం ముందు మా కుడివైపు కుర్రాడూ అక్కడే పడ్డాడు.

ఈల పడింది. సున్నా, సున్నా. మావాళ్ళు గదిలోకొచ్చి బెంచీల మీద కూలబడ్డారు. ఆ కుర్రాడి నిక్కరు చూశాను. పందొమ్మిదేళ్ళు బట్టలుతికినదాన్ని, మరకని చూస్తే ఎక్కడిదో చెప్పగలను. అది పొడి మట్టి గీరుకున్న మరక కాదు. వేలితో ముట్టుకున్నాను. నల్లగా, చల్లగా ఉంది. అప్పుడే నీళ్ళు తాగిన మట్టి.

తడిపాడు. ఎక్కడ? అంతటానా, అక్కడేనా?

బయటికి పరిగెత్తాను. మా ఆయన మైదానం అవతల, ఆ చివర గోల్ దగ్గర, లేచిపోయిన గడ్డిని ముళ్ళపారతో సర్దుతున్నాడు. స్పీకర్లలో పాటలు హోరెత్తుతున్నాయి. రెండు చేతులూ ఊపాను, గొంతు పగిలేలా అరిచాను. తలెత్తి చూశాడు. నన్ను చూశాడు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. చూసి మొహం తిప్పుకున్నాడు.

వెనక్కి వస్తుంటే ఎదురు గది తలుపు తెరిచి ఉంది. వెండివాళ్ళ ఒక్కొక్కరి కుర్చీ కింద రెండు జతల బూట్లున్నాయి, ఒకటి పొట్టి స్టడ్లది, ఒకటి పొడుగు స్టడ్లది. కాలు జారిందని తెలిసిన వెంటనే ఒక జత విప్పి ఇంకో జత తొడుక్కుంటున్నారు. ఒక్క స్టడ్డు విప్పే పని లేదు. బట్టల మేనేజరు నీళ్ళు తాగుతూ ఊరికే నిలబడి ఉన్నాడు. అప్పుడర్థమైంది నాకు డబ్బంటే ఏమిటో. తప్పు చేసినా దిద్దుకునే టైము ఉండడం.

మాకు తలా ఒక్క జతే. స్టడ్లు తిప్పే కీ కూడా ఒక్కటే. రెండోది విరిగి నెలైంది, కొత్తది కావాలని మూడుసార్లు రాసిచ్చాను.

"బూట్లు విప్పండి! అందరూ! పొడుగువి వేయాలి," అని నేల మీద చతికిలపడ్డాను.

కోచ్ నా మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు. అరువు లోపలికొచ్చాడు. ఆ పదిహేడు గోల్స్ కొట్టినవాడు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కటింగ్ ప్లేయరుతో స్టడ్లు విప్పడం మొదలుపెట్టాడు. వాడు విప్పుతుంటే నేను బిగిస్తున్నాను.

"దీని మీద షరతేమీ లేదు కదత్తా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తమ్ముడూ, నీవి ఇలా ఇవ్వరా ముందు."

"కుర్రాళ్ళవి కానీ అక్కా. నావి చివర్న."

"ఎక్కడ తడో తెలీదురా..."

"ఎక్కడైనా నేను నిలబడతాలే. వాళ్ళు పరిగెత్తాలి. ముందు వాళ్ళవి చూడు."

వాడెప్పుడూ అంతే. అందరూ తిన్నాక తింటాడు, అందరూ బస్సెక్కాక ఎక్కుతాడు. నేను కొట్లాడాల్సింది. ఆ ఒక్కసారికి వాడి చేతుల్లోంచి బూట్లు లాక్కోవాల్సింది. కానీ టైము పరిగెడుతోంది, చేతులు వణుకుతున్నాయి, మొదటి స్టడ్డే మూడుసార్లు తప్పింది. ఒకడు, ఇద్దరు, ఐదుగురు, తొమ్మిదిమంది. రిఫరీ వచ్చి తలుపు కొట్టాడు. మా తమ్ముడి ఎడమ బూటు అయిపోయింది. కుడి బూటు చేతిలోకి తీసుకున్నాను. రెండోసారి తలుపు కొట్టాడు.

"ఇచ్చేయ్ అక్కా."

"ఒక్క నిమిషంరా!"

"ఒక్క నిమిషమే లేదు. ఇచ్చేయ్."

ఒక కాలికి పొడుగు, ఒక కాలికి పొట్టి. అలా వెళ్ళాడు వాడు మైదానంలోకి.

రెండో సగంలో ఆ తడి మూల సరిగ్గా మా తమ్ముడి వైపు వచ్చింది. మా ఆయన లెక్క తప్పలేదు. రైలు అటే వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ బురదలో నెమ్మదించాడు. పొడుగు స్టడ్లున్నా సరే, నడకే అయింది వాడిది. మా తమ్ముడు పదిసార్లు ఆపాడు. పదిసార్లూ నేను కళ్ళు మూసుకున్నాను. డెబ్బై నిమిషాలు, ఎనభై, ఎనభై ఐదు. గ్యాలరీలో ఎవరూ కూర్చుని లేరు. నేను తలుపు పట్టుకుని, దేవుడా ఇంకో ఐదు నిమిషాలు, ఇంకేమీ అడగను అనుకుంటున్నాను.

ఎనభై ఎనిమిదో నిమిషంలో రైలు మళ్ళీ వచ్చాడు. ఎడమకి వెళ్తున్నట్టు చేసి కుడికి తిరిగాడు. మా తమ్ముడు కుడి కాలు నాటాడు. ఆ కాలు నిలబడలేదు. మనిషి మొత్తం పక్కకి ఒరిగి బురదలో పడ్డాడు. రైలు వాడి పక్కనించి దాటి వెళ్ళాడు. బంతి వలలో పడ్డ చప్పుడు నాకు తలుపు దగ్గరికి వినిపించింది. గ్యాలరీ మొత్తం అంత నిశ్శబ్దమైపోయింది.

తర్వాత చెప్పడానికేముంది. చిన్న యజమాని ఆఖరి ఈలకి ముందే కారెక్కాడు. వెండివాళ్ళ యజమాని అసలు రానేలేదట. ఆయనకి ఇలాంటి క్లబ్బులు ఇంకో మూడున్నాయట, ఆ రోజు వేరే దేశంలో వేరే మ్యాచ్ చూస్తున్నాడట. మమ్మల్ని ముంచిన సంగతి ఆయనకి ఎవరైనా చెప్పారో లేదో. అరువు వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టి, వాళ్ళ బస్సులో వెళ్ళిపోయాడు. మా తమ్ముడు బూట్లు విప్పి, ఉతకాల్సిన బట్టల పక్కన పెట్టి వెళ్ళాడు. కనీసం తిట్టినా బాగుండేది.

పొద్దువాలుతుండగా వాడి కుడి బూటు, కీ పట్టుకుని మైదానంలోకి వెళ్ళాను. మా ఆయన ఆ మూలలోనే ఉన్నాడు. లేచిపోయిన గడ్డి చెక్కల్ని ఒక్కొక్కటే తిరిగి పెట్టి కాలితో నొక్కుతున్నాడు. ఎవరి కోసమో? ఇంక ఇక్కడ ఎవరూ ఆడరు. నేను చెప్పులు విప్పి, తమ్ముడు పడ్డ చోట మడమ పెట్టాను. చీలమండ దాకా దిగబడింది.

"తడి," అన్నాడు మా ఆయన.

పదకొండు రోజుల తర్వాత మొదటి మాట.

"ఇప్పుడా చెప్పడం?"

"నువ్వు ఒంటిగంటకి తొక్కుతావు కదా. తొక్కితే నీకే తెలుస్తుంది, పొడుగువే వేస్తావు అనుకున్నా."

"గుమ్మంలోకొచ్చి ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

ఆయన ఇంకో గడ్డి చెక్క తీసుకున్నాడు, పెట్టకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"వద్దామనే బయల్దేరా. నువ్వు వాళ్ళ లారీ దగ్గర నిలబడి ఉన్నావు. నవ్వుతూ మాట్లాడుతున్నావు. తడిపానని వాళ్ళకి చెప్పేస్తావేమో అనిపించింది. మీ తమ్ముడికి చెప్పినా నీకు చెప్పినట్టేనని వాడికీ చెప్పలేదు. విరామంలో నువ్వు పిలిస్తే, అందరి ముందూ తిడతావేమోనని..."

"వద్దని చెప్పడానికి వెళ్ళానయ్యా. ఉత్తరం ఆయన చేతిలో పెట్టేసి వచ్చాను."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత ఉన్నచోటే, ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు, అప్పుడు చూశాను. ఓదార్చాలనిపించలేదు. కొట్టాలనీ అనిపించలేదు. వాళ్ళు మమ్మల్ని కొనకుండానే, మా ఇద్దరి మధ్యకి ఒక్క కాగితం పంపి గెలిచారనిపించింది.

ఆయన పక్కన కూర్చున్నాను. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. తమ్ముడి కుడి బూటు ఒళ్ళో పెట్టుకుని, బురద తుడిచి, పొట్టి స్టడ్లు విప్పి, జేబులో ఉన్న పొడుగువి బిగించాను. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. ఆరు స్టడ్లకీ కలిపి నిమిషం కూడా పట్టలేదు.